ముఖచిత్రం కింద ఫోన్ నంబరు

ఆయతి నాకు మొదటిసారి ఫోన్ చేసింది వాళ్ళ తాత రాయి మీద నా నంబరు చూసి.

రాయి అంటే సమాధి రాయి. బస్తర్‌లో ఆదివాసీ ఊళ్ళలో పెద్దవాళ్ళెవరైనా పోతే రోడ్డు పక్కన నిలువెత్తు బండ పాతుతారు. దాని మీద పోయినవాళ్ళ బొమ్మ, పేరు, పుట్టిన తారీకు, పోయిన తారీకు వేయిస్తారు. చుట్టూ వాళ్ళకి ఇష్టమైనవన్నీ రంగుల్లో ఉండాలి. పెయింటర్ వెళ్ళి ఇంటివాళ్ళని అడగాల్సింది ఒకటే, "ఆయనకి ఏమంటే ఇష్టం?" అని. ఆవపల్లి అవతల ఆ ముసలాయనకి సైకిలు, రేడియో, పందెం పుంజు, రెండు తాటిచెట్లు అన్నారు. అన్నీ వేశాను. అడుగున ఎప్పుడూ రాసుకునే ముక్క రాసుకున్నాను. 'సన్యాసి పెయింటర్', పక్కన పది అంకెలు. గోడైనా, లారీ వెనక తలుపైనా, సమాధి రాయైనా ఆ ముక్క రాయనిదే నా చెయ్యి బ్రష్ దించదు. "నువ్వు పోయినా లేసొచ్చి నీ రాయి మీద నంబరు రాసుకుంటావు" అని మా పోలమ్మ ఎగతాళి చేస్తుంది.

"కాకా, నువ్వు ఫోన్ల మీద బొమ్మలేస్తవా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఫోను డొప్పల మీదా? రంగు నిలవదమ్మా," అన్నాను.

పకపకా నవ్వింది. ఆ వానాకాలం అలా మొదలైంది.

మాది కిరండూల్ లైను. మా నాన్న శ్రీకాకుళం నించి గ్యాంగ్‌మన్‌గా వచ్చి రైలు కట్ట పక్కన ఈ ఇల్లు వేసుకున్నాడు. ఇనప ఖనిజం నింపుకుని విశాఖపట్నం దిగే బళ్ళు, ఖాళీగా ఎక్కే బళ్ళు మా గోడల్ని రోజూ కుదుపుతూనే ఉంటాయి. ఫ్లెక్సులు వచ్చాక నా బ్రష్షుకి పని తగ్గింది. గనుల దగ్గర జాగ్రత్త సూత్రాలూ, నంబర్ ప్లేట్లూ, ఆ రాళ్ళూ మిగిలాయి. కొడుకు కూర్మారావు ఇరవై నాలుగేళ్ళవాడు. ఐటీఐ చదివి రెండేళ్ళుగా ఉద్యోగం కోసం చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ పాత లాప్‌టాప్ ముందేసుకుని చప్పుళ్ళు తయారుచేయడం నేర్చాడు. గరిటె చప్పుడూ, రేకు మీద వాన చప్పుడూ పట్టి ముక్కలు చేసి అతికించేవాడు. అదేం పనో నాకు తెలిసేది కాదు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని నవ్వుకునేవాణ్ణి.

ఆదివారం నాడు ఆయతి తడిసిన గొడుగుతో దిగింది. దంతెవాడలో నర్సు ట్రైనింగు చదువుతోంది. బక్కపల్చని పిల్ల, జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది, కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోదు. ర్యాప్ పాడుతుందట. రాగాలు తియ్యకుండా, బావి దగ్గర తగువులో మాటకి మాట అంటించినట్టు తాళానికి మాట్లాడటమే ఆ పాట. వాళ్ళ దొర్లీ భాషలో మొదలెట్టి తెలుగులోకి దూకి హిందీలో తేలుతుంది. ఆరు పాటలు కట్టింది. ఆరూ ఒక గుట్ట గురించే.

గనుల కంపెనీ కాగితాల్లో అది ఇరవై రెండో నంబరు గుట్ట. దానికి మేం ఈ పక్క, ఆయతి వాళ్ళ ఊరు ఆ పక్క. వాళ్ళు పండుమెట్ట అంటారు. మామిడికాయ కొత్త తినే పండుగకి ఊరంతా ఎక్కే గుట్ట. ఇప్పుడు ఎక్కనివ్వరు. వానలు పడితే దాని మీంచి దిగే వాగు ఎర్రగా వస్తుంది. ఆ బురద వరి మళ్ళలో జానెడు పేరుకుంటుంది. ఆల్బమ్‌కి ఆయతి పెట్టిన పేరు 'పేరుంది'. ఫోన్లలో కనబడే దాని ముఖచిత్రం నేను వెయ్యాలట.

"ముందు రాయ్‌పూర్‌ల ఒకాయన చేసిండు," అని ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

పనితనం ఉన్న బొమ్మే. నల్లటి ఆకాశం, మంట, బిగించిన పిడికిలి, తెగిన గొలుసు, పిడికిట్లో మైకు. ఆ మైకుకి తుపాకీ మడమ.

"ఈ సెయ్యి ఎవరిదమ్మా?"

"నెట్‌ల దొరికిందంట."

"గోళ్ళు సూడు, ఎంత నున్నగా తీసుకున్నాడో. ఇప్పపూలు ఏరిన సెయ్యి కాదిది. ఈ తుపాకీ మడమ సూశారంటే నీ పాట ఎవరూ వినరు. నిన్ను బండెక్కించి తీసుకుపోతారు."

"అందుకే నీకాడికొచ్చిన కాకా. మంట ఏంది, గొలుసేంది? మా ఊళ్ళ గొలుసు మేకకు కడ్తరు. మా తాత రాయి లెక్క చెయ్యి. ఆ బొమ్మ చూస్తే మావోళ్ళు ఆగి చూస్తరు."

నేను ఒప్పేసుకున్నాను. ఆ ఏడు నన్ను ఆగి చూసే పని అడిగినవాళ్ళు ఎవరూ లేరు మరి.

మూడడుగుల చదరపు ప్లైవుడ్ ముక్క వరండాలో నిలబెట్టాను. నా జీవితంలో చదరంలో ఏదీ వెయ్యలేదు. గోడ పొడుగ్గా ఉంటుంది, రాయి ఎత్తుగా ఉంటుంది. ఈ చదరం ఎటూ కదలనివ్వదు. గోడ మీది అక్షరం బస్సులో పోయేవాడి కోసం. ఈ అక్షరం బొటనవేలితో తోసుకుంటూ పోయేవాడి కోసం. కూర్మారావు మొదటి సాయంత్రం దాన్ని ఫోటో తీసి గోరంత చేసి చూపించాడు.

"ఏటి కనపడతంది నాన్నా?"

"పేడకడి."

"అదే మరి. ముప్పై ఏళ్ళు రాశానని మురిసిపోకు. గోరంతలో కూడా గుట్ట గుట్టలా ఉండాల. నీ ఒంపులూ నీడలూ తీసెయ్."

కొడుకు నాకు అక్షరం దిద్దించాడు. ఒళ్ళు మండింది కానీ వాడు చెప్పింది నిజం. మూడుసార్లు తుడిచి నాలుగోసారి లావాటి గీతలతో గుట్టని ఒక సమాధి రాయిలా నిలబెట్టాను. అలవాటు కొద్దీ ఆయతిని అడిగాను, "ఈ గుట్టకి ఏమంటే ఇష్టం?" అని.

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. వేళ్ళు మడుస్తూ చెప్పింది. "ఎలుగు. చింతాకు మీది ఎర్రచీమల గూడు. ఇప్పచెట్టు. పండుగనాటి డోలు. మా తాత."

అన్నీ వేశాను. అడుగున పుట్టిన తారీకు, పోయిన తారీకు రాయడానికి గీతలు కొడుతుంటే చెయ్యి పట్టుకుంది.

"గుట్ట చావలేదు కాకా. రెండో తారీకు రాయకు."

గీత కొట్టి ఖాళీగా వదిలాను. ఆ ఖాళీయే ఆ బొమ్మలో నాకు బాగా నచ్చిన భాగం.

రంగు దగ్గర చిక్కొచ్చింది. వాగు ఎర్రగా ఉండాలి. ఎరుపు వేస్తే అడవిలోవాళ్ళు మావాళ్ళంటారు, పోలీసులు వాళ్ళ మనుషులంటారు, ఇద్దరూ వాగుని చూడరు. రెండు రోజులు డబ్బాలు తెరిచి మూస్తూ గడిపాను. చివరికి కట్ట వెంబడి నడుస్తుంటే వ్యాగన్లలోంచి రాలిన పొడి కాలికి తగిలింది. బ్లూ డస్ట్ అంటారు దాన్ని. చూడటానికి నీలంగా, ఉక్కు రంగులో ఉంటుంది. వేలితో రుద్దితే ఎర్రబడుతుంది. ఒక గుప్పెడు జేబులో వేసుకొచ్చి బంకలో కలిపి గుట్టంతా దానితోనే వేశాను. ఆరాక, వాగు పారాల్సిన చోట నా బొటనవేలితో పైనించి కిందికి రుద్దాను. ఎర్రటి వాగు దానంతటదే దిగింది. ఒక్క చుక్క ఎర్రరంగు డబ్బా తియ్యలేదు. ఆయతి గట్టిగా ఊపిరి పీల్చుకుని వరండాలో అటూ ఇటూ నడిచింది. కూర్మారావు చప్పట్లు కొట్టాడు. నాకు కన్నీళ్ళొచ్చాయని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పటికి వాడు ఆ పాటల్లో పీకల్లోతు మునిగిపోయాడు. ఆయతి ఎక్కడో దొరికిన చప్పుళ్ళు వాడుకుంటే "ఇయి మనయి కావు" అని ఆరింటినీ పీకేశాడు. ఖాళీ వ్యాగన్లు మా ఇంటి పక్కనించి ఎక్కేటప్పుడు వచ్చే చప్పుడు పట్టాడు. పోలమ్మ రుబ్బురోలు పట్టాడు. చూరు నీళ్ళు బకెట్లో పడటం పట్టాడు. వాటితో కొత్తగా కట్టాడు. మొదటి పాట వినిపించినప్పుడు నలభై ఏళ్ళుగా నేను వింటున్న రైలు నాకే కొత్తగా వినిపించింది. పాట ఆయతిదైతే నడక మావాడిది.

"కింద రెండు పేర్లు రాయాల కాకా," అంది ఆయతి. "పాట ఆయతి. చప్పుడు కూర్మారావు. ఒకే సైజు."

కుడి పక్కన అడుగున రెండు వరసలకి సుద్దతో గీతలు కొట్టి పెట్టుకున్నాను.

అదే వారంలో ఉత్తరం వచ్చింది. గుట్ట మీద పెద్ద యంత్రాలు నడిపించే ఒక ఠేకా కాంట్రాక్టరు దగ్గర ఆపరేటర్ ఉద్యోగం. ముందు జగ్దల్‌పూర్‌లో వైద్యపరీక్ష. తర్వాత థానా నించి చరిత్ర ప్రమాణపత్రం. మనిషి మీద కేసులూ మచ్చలూ లేవని పోలీసులు రాసిచ్చే కాగితం అది. అది లేనిదే గేటు దాటనివ్వరు. పోలమ్మ ఉత్తరాన్ని కళ్ళకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టింది.

"ఏ గుట్టరా?" అన్నాను.

"ఇరవై రెండే," అన్నాడు కూర్మారావు నేల చూస్తూ. తర్వాత తలెత్తి, "ఉద్యోగం ఉద్యోగమే, పాట పాటే. రెండూ సేస్తాను. నా పేరు మాత్రం రాయి నాన్నా. అచ్చులో నా పేరు ఇంతవరకూ హాల్ టికెట్ మీద తప్ప ఎక్కడా సూసుకోలేదు," అన్నాడు.

శుక్రవారం బండెక్కి జగ్దల్‌పూర్ వెళ్ళాడు. వాడటు వెళ్ళాడో లేదో పోలమ్మ వరండాలోకి వచ్చి బొమ్మ ముందు నిలబడింది. చేతిలో చాట అలాగే ఉంది.

"ఆడి పేరు రాయకయ్యా."

"రాయమని ఆడే సెప్పాడే."

"ఆడికేటి తెలుసు? థానావోళ్ళు ఆడి కాగితం ముందేసుకున్నప్పుడు ఈ పాట గానీ కనపడితే ఆ సంతకం పడతాదా? నీ బాబు పట్టాలు మోసి పోయాడు. నువ్వు గోడలెక్కి నడుం పోగొట్టుకున్నావు. ఈడికైనా నెలజీతం తినే రాత ఉందనుకున్నాను. నీ సేతిలో ఉంది. నీకు దండం పెడతాను, రాయకు."

నిజంగానే చాట కింద పెట్టి దండం పెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో పోలమ్మ నాకు దండం పెట్టడం అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమంతా నాకు కాలు నిలవలేదు. కట్ట ఎక్కాను, దిగాను, బజారుకి వెళ్ళి ఏమీ కొనకుండా వచ్చాను. శనివారం నాడు 'పాట: ఆయతి' అని రాశాను. రెండో వరస సుద్దగీత మీద ఒక తాటిచెట్టు వేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, చెట్టు వేస్తే ఖాళీ కనబడదనుకున్నాను.

ఆదివారం ఆయతి బొమ్మ ఫోటో తీసుకోవడానికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"చప్పుడు కూర్మ అని ఏడుంది?"

"ఆడే వద్దన్నాడు," అన్నాను.

"ఎందుకు?"

"ఉద్యోగం వస్తంది కదా. భయపడ్డాడు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆయతి పెదవి బిగించి, నాలుగు ఫోటోలు తీసుకుని, టీ కూడా తాగకుండా బస్సుకి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా ఆల్బమ్ లోకంలోకి వదిలేసింది.

సోమవారం పొద్దున్నే నా ఫోన్ మోగింది. సుక్మా నించి ఎవరో కోస అట.

"'పేరుంది' పాట మీదేనా?"

"కాదు బాబూ, నేను పెయింటర్ని. ఈ నంబరు మీకెవరిచ్చారు?"

"బొమ్మ మీదుంది గదా."

వరండాలోకి పరిగెత్తాను. తాటిచెట్టు మొదట్లో, నా తెల్లరంగులో, నా చేతిరాతలో ఉంది. సన్యాసి పెయింటర్. పది అంకెలు. ఎప్పుడు రాశానో నాకు గుర్తులేదు. కొడుకు పేరు దాచడానికి అంత జాగ్రత్త పడ్డ చెయ్యి, ఆ పని కాగానే దాని మామూలు పని అది చేసుకుపోయింది.

ఆ రోజు పదకొండు ఫోన్లు వచ్చాయి. తర్లగూడ నించి ఒక రైతు మా వాగూ ఇంతే అన్నాడు. ఒకాయన మా ఊరి గుట్టకి కూడా నంబరే ఉంది, పాట కడతారా అన్నాడు. ఒక ముసలమ్మ దొర్లీలో ఏదో చాలాసేపు మాట్లాడి ఏడ్చింది. నాకు సగమే అర్థమైంది. మంచి మాటలే అన్నీ. దొంగకి తేలు కుట్టినట్టు ఊఁ కొడుతూ విన్నాను.

కొండచరియ విరిగి రైళ్ళు ఆగిపోతే కూర్మారావు మంగళవారం బస్సులో వచ్చాడు. చెప్పులు విప్పలేదు. వరండాలో బొమ్మ ముందు నిలబడి తాటిచెట్టుని చూశాడు, దాని కింద నా పేరుని చూశాడు.

"ఆయతికి ఫోన్ సేశాను," అన్నాడు. "నేను భయపడ్డానని సెప్పావంట."

పోలమ్మ అడ్డం వచ్చింది. "నేనే వద్దన్నానురా, నీ మంచికే."

"అమ్మ వద్దంది. సరే. ఆ మాట నాకు సెప్పొచ్చు కదా. నా పేరు తీసీసి నీ పేరు రాసుకున్నావు. పైగా ఫోన్ నంబరు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేది. "ఆల్బమ్ పేరేటి నాన్నా? ఒకసారి సదువు."

నేను చదవలేదు.

"అలవాటు కొద్దీ పడిపోయిందిరా," అన్నాను.

"అవును. నీ పేరు నీకు అలవాటే."

ఆయతి మార్చి పెడతానంటే వాడే వద్దన్నాడట, ఉండనీ అని. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. లాప్‌టాప్ తెరవలేదు. గొడుగు లేకుండా కట్ట వెంబడి తిరిగి వచ్చేవాడు. ఇంట్లో ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా వాడు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒక్క తీపిమాట కూడా వాడికి చేరకుండా అన్నీ నాకే వస్తున్నాయి. కొడుకు కూడు లాక్కుని తింటున్నట్టుండేది.

ఎనిమిదో రోజు థానా నించి ఫోన్.

"పెయింటర్ బాబూ, బొమ్మ పట్టుకుని రా. నీ కొడుకు కాగితం కూడా ఇక్కడే ఉంది. వాణ్ణీ తీసుకురా."

వానలో ప్లైవుడ్‌కి ప్లాస్టిక్ పట్టా చుట్టి ఆటోలో పెట్టుకుని వెళ్ళాం. మా ఇద్దరికీ మధ్య ఆ బొమ్మ ఉంది. ముందురోజు ఆయతిని పిలిచి గంటసేపు కూర్చోబెట్టి పంపేశారట. చప్పుడు ఎవరిదంటే నెట్‌లో దొరికిందని చెప్పిందట. ఆ సంగతి కూర్మారావు ఆటోవాడితో చెబుతుంటే విన్నాను.

థానేదారు నడివయసు మనిషి, రాయ్‌పూర్ వైపు వాడు. హిందీలో మెల్లగా మాట్లాడతాడు. కూర్మారావుని గుమ్మం బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. బొమ్మని గోడకి ఆనించి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఎరుపెందుకు వేశావు?"

"ఎరుపు వెయ్యలేదు సార్. ఇది నీలం. రుద్దితే ఎర్రబడుతుంది."

నమ్మలేదు. గుట్ట ఒక మూల బొటనవేలితో రుద్దాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా ఉంది. రుమాలుతో తుడుచుకున్నాడు, పోలేదు. ఒక సిపాయి నవ్వబోయి ఆపుకున్నాడు.

"ఈ అక్షరాలేమిటి? నాకు తెలుగు రాదు."

"పేరుంది అని, సార్."

"ఎవరి పేరు?"

"గుట్టది సార్."

"సరే. ఆ అమ్మాయి పాడింది, ఒప్పుకుంది. ఈ వాయిద్యం ఎవరిది? నెట్‌లో దొరికింది అంటోంది. నెట్‌లో మా థానా వెనక వెళ్ళే రైలు ఎలా దొరుకుతుంది? నా కిటికీ రోజూ ఇదే పాట పాడుతుంది."

బల్ల మీద కూర్మారావు దరఖాస్తు కనబడుతోంది. ఫోటోలో వాడు చొక్కా పై గుండీ పెట్టుకుని ఉన్నాడు.

"నేనే సార్," అన్నాను. "కింద పేరూ నంబరూ ఉన్నాయి కదా. అంతా నేనే చేశాను."

"నువ్వు?" నన్ను కిందినించి పై దాకా చూశాడు. "ఏదీ, వాయించు."

వెనక్కి పోయే దారి లేదు. బల్ల అంచు మీద రెండు చేతులూ వేసి కొట్టాను. ఖాళీ వ్యాగన్ల నడక నాకు తెలుసు, నలభై ఏళ్ళుగా తెలుసు. కానీ తెలియడం వేరు, వాయించడం వేరు. మూడో దరువుకే తప్పిపోయింది. మళ్ళీ మొదలెట్టాను. నోటితో కూడా కలిపాను. యాభై నాలుగేళ్ళవాణ్ణి, థానాలో నిలబడి నోటితో రైలు తోలుతున్నాను. సిపాయిలు ఈసారి ఆపుకోలేదు. ఆపమని ఆయన అనలేదు, ఆపడానికి నాకు ధైర్యం లేదు.

"నాన్నా, ఆపు."

కూర్మారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చప్పుడు నాది సార్," అన్నాడు హిందీలో. "కూర్మారావు. ఆ దరఖాస్తు కూడా నాదే. బొమ్మ మీద పేరు రాయడం నాన్న మర్చిపోయాడు."

మర్చిపోయాడు అన్నాడు. నేను బల్ల మీంచి చేతులు తీసేశాను.

థానేదారు దరఖాస్తు తీసి దాని మీద ఏదో రెండు మాటలు రాసి, దొంతర అడుక్కి తోశాడు. "పాటలో నేరమేమీ కనబడలేదు. వెళ్ళండి," అన్నాడు. ఎర్రటి బొటనవేలిని ఇంకా రుమాలుతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

బయట వాన వెలిసింది. ఆటో కోసం నిలబడ్డాం.

"ఎందుకు సెప్పావురా? ఆయన నమ్మీసేవాడు."

"అంత సెడ్డగా వాయిస్తుంటే ఎలా ఊరుకుంటాను? నా పని అనుకుంటారు."

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. "తప్పయిపోయిందిరా," అన్నాను. వాడు పట్టా జారుతుంటే సర్ది, బొమ్మ రెండో అంచు తను పట్టుకున్నాడు.

ప్రమాణపత్రం ఇవ్వనని ఎవరూ అనలేదు. ఇచ్చామనీ ఎవరూ అనలేదు. దీపావళి లోపే ఆ ఉద్యోగంలో ఇంకెవరో చేరారని తెలిసింది. పోలమ్మ దేవుడి పటం వెనకనించి ఉత్తరం తీసి పొయ్యిలో పెట్టబోయి, మళ్ళీ మనసొప్పక పెట్టెలో దాచింది. తండ్రీకొడుకులు కలిసి తన కొంప ముంచారని వీధంతా వినబడేలా తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి, ఆ పాట ఒకసారి పెట్టమంది. రుబ్బురోలు చప్పుడు వచ్చినచోట తల తిప్పి కొడుకుని చూసింది.

"నా రోలేనేటిరా ఇది?"

"నీదే అమ్మా."

"అయితే నా పేరేదీ?" అంది. కోపంగానే అంది.

మర్నాడు పొద్దున వరండాలో కూర్చుని తాటిచెట్టుని గీకడం మొదలెట్టాను. ఎండిన ఆయిల్ రంగు అంత సులువుగా పోదు. బ్లేడుతో ఆకు ఆకూ తీశాను. కింద సుద్దగీత ఇంకా ఉంది. కూర్మారావు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దది సెయ్యకు. ఆయతి పేరంతే ఉండాల."

"తెలుసు."

"నీ నంబరు ఉండనీ. జనం సేస్తన్నారు కదా."

'చప్పుడు: కూర్మారావు' అని రాశాను. ఫోటో తీసి గోరంత చేసి చూపించాడు. గుట్ట కనబడింది, వాగు కనబడింది. వాడి పేరు కనబడలేదు. వేళ్ళతో సాగదీసి పెద్దది చేస్తే అప్పుడు కనబడింది. వాడు దాన్ని అలా రెండు మూడుసార్లు సాగదీసి, వదిలి, మళ్ళీ సాగదీసి చూసుకున్నాడు.

లోపల ఫోన్ మోగింది. నా చేతులనిండా రంగు. వాడు అలవాటుగా లేచి బయటికి వెళ్ళబోయాడు. అంతలో పోలమ్మ ఎత్తింది. ఇన్నాళ్ళూ ఆ ఫోన్‌ని తేలుని చూసినట్టు చూసిన మనిషి.

"ఆఁ, ఈ నంబరే," అంటోంది. "పాటోళ్ళ ఇల్లే. ఎవరు కావాలి? బొమ్మకైతే సన్యాసి. సప్పుడుకైతే కూర్మారావు." అవతల ఏమన్నారో, గొంతు పెంచింది. "ఉన్నారు, ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. పేరు సెప్పి అడుగు బాబూ, పిలుస్తాను."